అమెరికాలో మీ పాత అడ్రసుల దగ్గర ఆగిపోయిన డబ్బు: వెతికి తెచ్చుకోవడం ఎలా

న్యూజెర్సీలో నలుగురం కలిసి అద్దెకున్న రెండు బెడ్‌రూముల ఇల్లు ఖాళీ చేసిన పదకొండేళ్ళకి ఆ ఇంటి కరెంటు డిపాజిట్ నా చేతికొచ్చింది. 186 డాలర్లు. మేం ఖాళీ చేసిన నెలకే చెక్కు పంపారట. అప్పటికే ఒకడు షార్లెట్‌లో, ఒకడు డాలస్‌లో, ఇంకొకడు ఇండియాలో. చెక్కు వెనక్కి వెళ్ళింది. చట్టం చెప్పినన్నాళ్ళు తమ దగ్గర ఉంచుకుని, ఆ తర్వాత కంపెనీవాళ్ళు దాన్ని రాష్ట్ర ట్రెజరీకి అప్పజెప్పారు. అంతకుముందు రెండుసార్లు వెతికినా నాకు కనపడలేదు. కనపడకపోవడానికి కారణం, అక్కడున్నది తిరగేసిన నా పేరు. ఇంటిపేరు ఉండాల్సిన గడిలో పేరుంది, పేరు ఉండాల్సిన గడిలో ఇంటిపేరు సగానికి తెగిపోయి ఉంది.

మనవాళ్ళ డబ్బు ఇలా ఇరుక్కుపోవడానికి నేను చూసినంతలో రెండే కారణాలు. ఊళ్ళు మారడం, పేరు రాసే పద్ధతి. అందుకే ఈ పనిని వెబ్‌సైట్ దగ్గర మొదలుపెట్టకండి. ఒక తెల్లకాగితం తీసుకుని మొదలుపెట్టండి.

అసలు ఇది ఏం డబ్బు

అమెరికాలో ఒక కంపెనీ దగ్గర మీకు రావాల్సిన డబ్బు ఉండి, మీ ఆచూకీ దొరక్కపోతే, ఆ డబ్బు కంపెనీ మింగేయడానికి లేదు. నిర్ణీత కాలం ఆగాలి, చివరిగా తెలిసిన అడ్రసుకి ఉత్తరం రాయాలి, జవాబు రాకపోతే రాష్ట్ర ప్రభుత్వానికి అప్పజెప్పాలి. దీన్ని అక్కడ అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ అంటారు. ప్రతి రాష్ట్రంలోనూ దీనికో విభాగం ఉంది. టెక్సస్‌లో కంప్ట్రోలర్, కాలిఫోర్నియాలో కంట్రోలర్, ఇల్లినాయిలో ట్రెజరర్, జార్జియాలో రెవెన్యూ శాఖ, ఒహాయోలో కామర్స్ శాఖ చూసుకుంటాయి. ఒక్కో చోట ఒక్కో పేరు కాబట్టి తికమకపడకండి, పని ఒకటే.

ఎన్నాళ్ళు ఆగాలన్నది డబ్బు రకాన్నిబట్టి మారుతుంది. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో తీసుకోని జీతానికి ఒక్క ఏడాదే. బ్యాంకు ఖాతాల్లాంటివాటికి చాలాచోట్ల మూడు నుంచి ఐదేళ్ళు. అంటే పోయిన ఏడాది ఉద్యోగం మారినప్పుడు రాని చివరి పేచెక్ కూడా ఈపాటికి రాష్ట్రం దగ్గరికి వెళ్ళి ఉండొచ్చు.

మన జీవితాల్లో ఇవి ఎక్కడెక్కడ పుడతాయంటే: యూనివర్సిటీ ఫీజు ఎక్కువ కట్టినందుకు తిరిగొచ్చిన మొత్తం, క్యాంపస్ ఉద్యోగం ఆఖరి జీతం, అపార్ట్‌మెంట్ డిపాజిట్, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ డిపాజిట్లు, మధ్యలో ఆపేసిన కారు ఇన్సూరెన్స్ రిఫండ్, హాస్పిటల్‌కి రెండుసార్లు కట్టిన బిల్లు, మూసేశామనుకుని మూయని బ్యాంకు ఖాతా, పాత ఉద్యోగంలో కొన్న కంపెనీ షేర్లూ వాటి డివిడెండ్లూ. రాష్ట్రాల విభాగాలన్నీ కలిసి నడుపుకునే సంఘం ఒకటుంది, నౌపా అంటారు. అమెరికాలో ఏడుగురిలో ఒకరికి ఇలాంటి సొమ్ము ఏదో ఒకటి ఉంటుందని వాళ్ళ లెక్క. పదేళ్ళలో ఐదు రాష్ట్రాలు తిరిగే మన కన్సల్టెంట్ల సంగతి వేరే చెప్పాలా.

మొదటి పని: అడ్రసుల చిట్టా

కాగితం మీద, మీరు అమెరికాలో దిగిన రోజు నుంచి ఉన్న ప్రతి అడ్రసూ రాయండి. ఊరు, రాష్ట్రం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా. అపార్ట్‌మెంట్ నంబరు గుర్తుంటే అదీ. చాలామంది ఇక్కడే మొదటి అడ్రసు మర్చిపోతారు: కన్సల్టెన్సీవాళ్ళ గెస్ట్‌హౌస్. మూడు వారాలే ఉండి ఉంటారు, కానీ పేరోల్‌లో, మొదటి బ్యాంకు ఖాతాలో, సోషల్ సెక్యూరిటీ కార్డు అప్లికేషన్‌లో ఆ అడ్రసే ఎక్కింది. మీ తర్వాత ఆ ఇంట్లో యాభై మంది ఉండి వెళ్ళారు. మీ ఉత్తరం ఎవరు దాచి పెడతారు?

గుర్తు రాకపోతే ఇలా తవ్వండి.

గ్రీన్ కార్డు ఫైలు లేదా పౌరసత్వం ఫైలు తీయండి. ఆ అప్లికేషన్లలో అయిదేళ్ళ అడ్రసులు తారీకులతో సహా రాసి ఉంటారు. వీసా మీద ఉన్నవాళ్ళు ఇల్లు మారిన పది రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కి ఏఆర్-11 అనే అడ్రసు మార్పు ఫారం పంపాలి కదా, ఆ కన్ఫర్మేషన్ మెయిళ్ళు ఇన్‌బాక్సులో వెతకండి. నిజాయితీగా పంపినవాళ్ళకి ఇది బంగారు గని.

మీ క్రెడిట్ రిపోర్టు తీసుకోండి. యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థలూ వారానికోసారి ఉచితంగా ఇస్తాయి. అందులో పాత అడ్రసులుంటాయి. దానికంటే విలువైనది ఇంకొకటి ఉంటుంది: మీ పేరు ఏయే రకాలుగా నమోదైందో ఆ జాబితా. దాన్ని పక్కన పెట్టుకోండి, తర్వాతి పనికి కావాలి.

ఇంకా గుర్తురాకపోతే అమెజాన్ ఖాతాలో పాత ఆర్డర్లు ఏడాదివారీగా చూడండి. పదేళ్ళ కిందట రైస్ కుక్కర్ ఏ ఇంటికి తెప్పించుకున్నారో అది చెబుతుంది.

అడ్రసుల పక్కనే ఉద్యోగాలూ రాయండి. అమెరికా ఆదాయపన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైటులో వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్స్‌క్రిప్టు పదేళ్ళ దాకా దొరుకుతుంది. కంపెనీ పేరులో, అడ్రసులో మొదటి కొన్ని అక్షరాలే కనిపిస్తాయి గానీ, ఏ ఏడాది ఎక్కడ పని చేశారో గుర్తు తెచ్చుకోవడానికి అది చాలు.

రెండో పని: మీ పేరు ఎన్ని రకాలు

ఈ పని మీద ఒక గంట పెట్టండి. మిగతా అన్నిటికంటే దీనికే ఫలితం ఎక్కువ.

ఊరికే ఒక పేరు అనుకుందాం. ఇంటిపేరు ముక్కామల, పేరు వెంకట సాయి లక్ష్మి. అమెరికా కంప్యూటర్లకి ఇందులో మొదటి పేరు ఏది? కొన్నిచోట్ల వెంకట మొదటి పేరు, సాయి మధ్య పేరు, లక్ష్మి ఎగిరిపోయింది. కొన్నిచోట్ల మూడూ కలిసి ఒకే ముక్క. కొన్నిచోట్ల ఇంటిపేరు ముందు రాయడం వల్ల లక్ష్మి ఇంటిపేరైపోయింది. పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు చేరితే ఇంకో రెండు రకాలు. గడిలో పట్టక చివర అక్షరాలు తెగిపోయినవి ఇంకొన్ని.

ఇంగ్లీషు అక్షరాల గొడవ మళ్ళీ వేరు. లక్ష్మికి ఎక్స్ పెట్టారా, కె-ఎస్-హెచ్ పెట్టారా? వెంకటకి వీనా, డబ్ల్యూనా? చివర ఏ ఒకటా, రెండా? శ్రీకి ఎస్ తర్వాత హెచ్ ఉందా? మూర్తి, రెడ్డి, చౌదరి లాంటివి మన సర్టిఫికెట్లలోనే రెండు మూడు రకాలుగా ఉంటాయి. ఫోనులో పేరు చెప్పి కనెక్షన్ తీసుకున్నవాళ్ళయితే అవతలివాడు ఏం విన్నాడో ఏం కొట్టాడో దేవుడికెరుక.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉన్నవాళ్ళు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని కూడా రాసుకోండి. అలాంటి పాస్‌పోర్టుకి ఇచ్చే వీసాలో, ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో వేసి, పేరు దగ్గర ఆ మూడక్షరాలూ కొడతారు. మొదటి బ్యాంకు ఖాతా, మొదటి లైసెన్సు ఆ పేరుతోనే వచ్చి ఉంటాయి. మనలో చాలామంది కొన్నాళ్ళపాటు చట్టరీత్యా ఎఫ్‌ఎన్‌యూగారే.

ఇలా రాసుకుంటే మీ పేరుకి పదీ పన్నెండు రూపాలు తేలతాయి. భార్యకి, భర్తకి కూడా రాయండి. పిల్లల పేర్లు కూడా, వాళ్ళ పేరున సేవింగ్స్ ఖాతా తెరిచి ఉంటే.

వెతకడం

మొదట మిస్సింగ్‌మనీ డాట్ కామ్‌కి వెళ్ళండి. పేరు చూస్తే మోసగాళ్ళ సైటులా ఉంటుంది, చివర గవ్ కూడా లేదు, కానీ నౌపా ఆమోదించిన సైటే. చాలా రాష్ట్రాలు ఒకేసారి వెతకొచ్చు. అయితే అన్ని రాష్ట్రాలూ అందులో లేవు, ఉన్నవాటిదీ తాజా సమాచారమని గ్యారంటీ లేదు. కాబట్టి అక్కడ ఏమీ లేదని వస్తే ఆగిపోకండి. మీ చిట్టాలో ఉన్న ప్రతి రాష్ట్రానికీ దాని సొంత సైటు తెరవండి. టెక్సస్‌కి క్లెయిమ్‌ఇట్‌టెక్సస్ డాట్ గవ్, కాలిఫోర్నియాకి క్లెయిమ్‌ఇట్ డాట్ సీఏ డాట్ గవ్, న్యూజెర్సీకి అన్‌క్లెయిమ్డ్‌ఫండ్స్ డాట్ ఎన్‌జే డాట్ గవ్. నార్త్ కరోలినాలో ఎన్‌సీక్యాష్, ఇల్లినాయిలో ఐ-క్యాష్, ఫ్లోరిడాలో ట్రెజర్ హంట్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. మిగతా రాష్ట్రాలకి నౌపా సైటులో మ్యాప్ మీద నొక్కితే సరైన చోటికే తీసుకెళుతుంది. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటన నొక్కడం కంటే అది క్షేమం.

వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి. ఇంటిపేరు, ఊరు, అంతే. మన ఇంటిపేర్లు అక్కడ అరుదు కాబట్టి ఫలితాలు తక్కువే వస్తాయి, కళ్ళతో చూసి ఏరుకోవచ్చు. తర్వాత పేరుని ఇంటిపేరు గడిలో పెట్టి మళ్ళీ వెతకండి. ఆ తర్వాత ఇంటిపేరులో మొదటి ఐదారు అక్షరాలే ఇచ్చి చూడండి. రెడ్డి, రావు, కుమార్, పటేల్ అని ఇంటిపేరు గడిలో పడినవాళ్ళకి మాత్రం వందల ఫలితాలొస్తాయి. అలాంటప్పుడు పేరులో మొదటి మూడు అక్షరాలు కలపండి.

ఇంకో రాష్ట్రం కూడా చిట్టాలో చేర్చండి: డెలావేర్. మీరు ఎన్నడూ అక్కడ అడుగు పెట్టి ఉండకపోవచ్చు. ఒక మనిషికి రావాల్సిన డబ్బు ఏ రాష్ట్రానికి వెళ్ళాలి అని టెక్సస్‌కీ న్యూజెర్సీకీ తగువొస్తే 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీ రికార్డుల్లో చివరి అడ్రసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి, అడ్రసే లేకపోతే కంపెనీ రిజిస్టరైన రాష్ట్రానికి. అమెరికాలో పెద్ద కంపెనీలు బోలెడు డెలావేర్‌లోనే రిజిస్టరయ్యాయి. తిరిగి వెళ్ళేటప్పుడు బ్రోకరేజీ ఖాతాలో హైదరాబాదు అడ్రసో, గుంటూరు అడ్రసో పెట్టి వెళ్ళినవాళ్ళ డబ్బు కూడా ఇలా కంపెనీ సొంత రాష్ట్రానికి చేరే వీలుంది.

ఫలితాల్లో పేరు, ఊరు, డబ్బు పంపిన కంపెనీ కనిపిస్తాయి. కొన్ని రాష్ట్రాలు మొత్తం ఎంతో చూపిస్తాయి, కొన్ని వంద డాలర్లకి పైన, కింద అని ఊరుకుంటాయి. మొత్తం చూపలేదని వదిలేయకండి.

కాస్త తొందరపడాల్సినవి

మామూలు నగదుకి హడావుడి అక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో ఎన్నేళ్ళయినా మీదే, గడువు లేదు. ఈ మాట అన్ని రాష్ట్రాలకీ వర్తించదు మరి. ఒహాయోలో 2025 బడ్జెట్ చట్టం, పదేళ్ళు దాటిన సొమ్ములో 60 కోట్ల డాలర్లు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టు కొత్త స్టేడియానికి కేటాయించింది. దాని మీద కోర్టులో కేసులు పడ్డాయి. కొలంబస్‌లోనో, సిన్సినాటీలోనో చదువుకునో పనిచేసో ఉంటే ఒహాయోని జాబితాలో మొదట పెట్టుకోండి.

షేర్ల సంగతి అంతకన్నా ముఖ్యం. ఖాతాని మూడు నుంచి ఐదేళ్ళు మీరు ముట్టుకోకపోతే షేర్లు రాష్ట్రానికి వెళతాయి, రాష్ట్రం కొన్నాళ్ళకి వాటిని అమ్మేస్తుంది. ఆ తర్వాత మీరెప్పుడు అడిగినా అమ్మిన రోజు ధరే ఇస్తారు. కాలిఫోర్నియాలో, కంపెనీ రిపోర్టు ఇవ్వాల్సిన గడువు దాటాక కనీసం 18 నెలల దాకా అమ్మకూడదని చట్టం. ఆలోపు అడిగితే షేర్లు షేర్లుగానే రావచ్చు. డివిడెండ్ దానంతటదే మళ్ళీ షేర్లలోకి వెళుతోంది కదా, ఖాతా బతికే ఉంది కదా అనుకోకండి. మీరు స్వయంగా చేసిన పనే లెక్క. ఏడాదికోసారి లాగిన్ అవండి, అడ్రసు సరిచూడండి, ఇంకా పట్టు కావాలంటే ఒక మెసేజ్ పంపి జవాబు దాచుకోండి. ఇండియాకి వెళ్ళిపోయిన మా స్నేహితుడొకడు పాస్‌వర్డు మర్చిపోయి, అమెరికా ఫోన్ నంబరు లేక ఓటీపీ రాక, చూద్దాంలే అని ఆరేళ్ళు ఊరుకున్నాడు. అమ్మేసిన ధర విన్నాక ఆ షేరు ఇప్పుడెంతుందో నెట్‌లో చూడొద్దని వాళ్ళావిడ ఒట్టు పెట్టించుకుంది.

క్లెయిమ్ వేయడం

పేరు పక్కన క్లెయిమ్ బటన్ నొక్కితే ఫారం వస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇప్పటి అడ్రసు, ఆ కంపెనీతో మీకేం సంబంధం అని అడుగుతారు. కంపెనీవాళ్ళు రాష్ట్రానికి పంపిన రికార్డులో మీ సోషల్ నంబరు ఉండి అది కలిస్తే, చిన్న మొత్తాలు కాగితాల్లేకుండానే తేలిపోతాయి. చదువుకునే రోజుల్లో సోషల్ రాకముందు తెరిచిన ఖాతాలు, తీసుకున్న కనెక్షన్లు అయితే ఆ దారి ఉండదు. ఆ పాత అడ్రసులో మీరు ఉన్నట్టు రుజువు చూపించాలి.

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. పదేళ్ళ కిందటి కరెంటు బిల్లు ఎవరి దగ్గరుంటుంది? కానీ పాత డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, ట్యాక్సు లెక్క కాగితం) ఉంటుంది. ట్యాక్స్ రిటర్ను మొదటి పేజీలో అడ్రసుంటుంది, మీ దగ్గర లేకపోతే ఆ ఏడాది ట్యాక్సులు వేసిన సీపీఏని, అంటే అకౌంటెంటుని అడగండి, మనవాళ్ళ సీపీఏలు పాత ఫైళ్ళు పారేయరు. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో మీరే వేసుకుని ఉంటే పాత ఏడాది పీడీఎఫ్ అక్కడే ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటు, లీజ్ కాగితం, కారు రిజిస్ట్రేషన్, యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్టు, అడ్రసు ఉన్న పాత పే స్టబ్, ఇవన్నీ అడిగి చూడదగినవే. మీ దగ్గరున్నది జాబితాలో లేకపోతే ఫోన్ చేసి ఇది చెల్లుతుందా అని అడగండి. అవతల ఉన్నది మనుషులే, వాళ్ళకీ ఫైలు మూసేయాలనే ఉంటుంది.

పేరు కలవకపోతే రెండు పేర్లూ నావే అని అఫిడవిట్ ఇవ్వాలి. మన దగ్గర స్టాంపు పేపరు మీద ఇద్దరూ ఒకరే అని రాయించుకుంటాం చూడండి, అదే ఇక్కడా. పాస్‌పోర్టు, పాత వీసా పేజీ, పెళ్ళి సర్టిఫికెట్ జత చేయండి.

రూమ్మేట్ల చిక్కు ఒకటుంది. డిపాజిట్ చెక్కు నలుగురి పేరునా రాసి ఉంటే, రాష్ట్రాన్నిబట్టి నలుగురి సంతకాలూ అడుగుతారు, లేదా మీ వాటా మాత్రం ఇచ్చి మిగతాది ఉంచేస్తారు. పాత వాట్సాప్ గ్రూపు ఇంకా బతికుంటే ఇప్పుడు పనికొస్తుంది.

మొత్తం పెద్దదైతే నోటరీ అడుగుతారు. అమెరికాలో ఉన్నవాళ్ళకి బ్యాంకులోనే అయిపోతుంది. పంపాక క్లెయిమ్ నంబరు రాసి పెట్టుకోండి, సైటులో స్థితి చూసుకోవచ్చు. సులువైనవి వారాల్లో తేలతాయి, కాగితాలున్నవి నెలలు పడతాయి. కాలిఫోర్నియాలో తేల్చడానికి చట్టమే 180 రోజులు ఇచ్చింది. మధ్యలో ఇంకో కాగితం కావాలని మెయిల్ వస్తే అది స్పామ్‌లో పడి క్లెయిమ్ మూసేయడం మామూలే, కాబట్టి రెండు వారాలకోసారి అక్కడ కూడా ఒక కన్నేయండి.

ఈ మొత్తానికీ ఖర్చు, పోస్టేజీ, నోటరీ తప్ప సున్నా.

మధ్యలో వచ్చేవాళ్ళు

మీ పేరున ఇంత డబ్బుంది, ఇప్పిస్తాం, వాటా ఇవ్వండి అని ఉత్తరాలొస్తాయి. అందరూ మోసగాళ్ళు కారు. పేర్లు వెతికి పెట్టి కమీషన్ తీసుకోవడం అక్కడ చట్టబద్ధమైన వ్యాపారమే. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో పది శాతానికి మించి తీసుకోకూడదు, వాషింగ్టన్ రాష్ట్రంలో ఐదు శాతమే. అలాంటి ఉత్తరం వస్తే దాన్ని ఉచిత కబురుగా తీసుకోండి. సంతకం పెట్టకుండా మీ చిట్టాలో ఉన్న రాష్ట్రాల సైట్లు ఇంకోసారి గాలించండి.

ముందుగా ఫీజు కట్టమన్నా, గిఫ్టు కార్డు నంబర్లు అడిగినా, బ్యాంకు పాస్‌వర్డు అడిగినా అది దొంగ ఫోనే. ఏ రాష్ట్రమూ మీ డబ్బు మీకివ్వడానికి రుసుం అడగదు. అలాగని ప్రభుత్వం పేరున వచ్చినదంతా చెత్తబుట్టలో వేయకండి. ఇల్లినాయి లాంటి రాష్ట్రాలు తమ ట్యాక్సు రికార్డులతో పోల్చి చూసుకుని, మీరు అడగకుండానే ఉత్తరం రాసి చెక్కు పంపే పద్ధతి పెట్టాయి. అనుమానమొస్తే ఉత్తరంలో ఉన్న నంబరుకి కాకుండా ఆ రాష్ట్రం సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేయండి.

రాష్ట్రాల దగ్గర ఉండనివి

వెతికినా కనపడకపోతే ఆ డబ్బు కేంద్రం దగ్గర ఉండి ఉండొచ్చు. ట్యాక్స్ రిఫండు ఐఆర్‌ఎస్ దగ్గరే ఉంటుంది, రిటర్ను వేయాల్సిన గడువు నుంచి మూడేళ్ళలో వేయకపోతే పోయినట్టే. పాత 401కె (ఉద్యోగం ద్వారా పెట్టుకునే రిటైర్మెంట్ ఖాతా) కోసం కార్మిక శాఖ 2024 డిసెంబరులో రిటైర్మెంట్ సేవింగ్స్ లాస్ట్ అండ్ ఫౌండ్ అని ఒక సైటు తెరిచింది, లాగిన్ డాట్ గవ్ ఖాతా ఉంటే వెతకొచ్చు. ఉద్యోగం మానేసినప్పుడు 401కెలో వెయ్యి డాలర్ల లోపే ఉంటే కంపెనీ చెక్కు రాసి పంపేయొచ్చు, 7,000 దాకా ఉంటే మిమ్మల్ని అడక్కుండా మీ పేరున ఒక ఐఆర్‌ఏ, అంటే విడి రిటైర్మెంట్ ఖాతా తెరిచి అందులో పడేయొచ్చు. ఇదెక్కడికి పోయిందిరా అని తల గోక్కునేది ఇదే.

బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేని రోజుల్లో, జీతం ఇవ్వని కన్సల్టెన్సీల్లో పనిచేసినవాళ్ళు ఇంకోచోట కూడా చూడండి. హెచ్-1బీ జీతాల కేసుల్లో కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్ యజమానుల దగ్గర బాకీ జీతాలు వసూలు చేస్తుంటుంది. మనిషి దొరక్కపోతే ఆ డబ్బు మూడేళ్ళు ఉంచుతుంది. వర్కర్స్ ఓడ్ వేజెస్ అనే వాళ్ళ పేజీలో కంపెనీ పేరు కొట్టి చూడటమే. మీరు ఫిర్యాదు చేయకపోయినా, మీ వెనక చేరిన ఎవరో చేసి ఉండొచ్చు.

పనిలో పని, ఇండియాలో రాష్ట్రాలకి ఇందులో పాత్ర లేదు. పదేళ్ళు కదలని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి, వాటికి 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్ ఉంది. నాన్నగారి పాత పాస్‌బుక్కు ఉంటే అక్కడ వెతకండి.

చనిపోయినవారి పేరున ఉంటే

వారసులు క్లెయిమ్ చేయొచ్చు. మరణ ధ్రువపత్రం, మీ సంబంధానికి రుజువు, వీలునామా ఉంటే అది కావాలి. చిన్న మొత్తమైతే రాష్ట్రం ఇచ్చే వారసత్వ అఫిడవిట్ ఫారంతో సరిపోవచ్చు, పెద్దదైతే కోర్టు కాగితం అడుగుతారు. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు కొడుకు డబ్బు కోసం అడిగే పరిస్థితి వస్తే, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ సంబంధాన్ని చూపడానికి పనికొస్తుంది. తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం ధ్రువీకరించి పంపాలి. ఏ కాగితాలు చెల్లుతాయన్నది ఆ రాష్ట్రం చట్టం తేలుస్తుంది కాబట్టి, ఆఫీసుల చుట్టూ వాళ్ళని తిప్పేముందు ఆ రాష్ట్రానికే రాసి ఏం కావాలో లిఖితంగా తెప్పించుకోండి. ఈ పని అక్కడున్న స్నేహితులెవరైనా నెత్తినేసుకుంటే పెద్దవాళ్ళకి ఎంతో సాయం.

ఇండియా నుంచి క్లెయిమ్ చేసేవాళ్ళకి

వెతకడం, ఫారం నింపడం ఎక్కడినుంచైనా ఒకటే. కొన్ని ప్రభుత్వ సైట్లు ఇండియా నుంచి తెరుచుకోకపోతే అమెరికాలో ఉన్నవాళ్ళెవరినైనా ఫారం దించి పంపమనండి. నోటరీ దగ్గర ఆగుతారు. మన వీధి చివర నోటరీ స్టాంపు నేరుగా చెల్లకపోవచ్చు. హైదరాబాదులో నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో అపాయింట్‌మెంటు తీసుకుని వెళితే నోటరీ చేస్తారు, ఒక్కో ముద్రకి 50 డాలర్లు. నూటయాభై డాలర్ల క్లెయిమ్‌కి ఇది గిట్టుబాటా అన్నది లెక్కేసుకోండి. కొన్ని రాష్ట్రాలు వీడియోలో చేసే ఆన్‌లైన్ నోటరీని ఒప్పుకుంటాయి, ముందే అడగండి. ఇండియన్ నోటరీతో చేయించి విదేశాంగ శాఖ అపాస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర) వేయిస్తే ఒప్పుకుంటారా అని కూడా అడగండి.

అసలు తలనొప్పి చివర్లో వస్తుంది. డబ్బు డాలర్ల చెక్కు రూపంలో, రికార్డులో ఉన్న పేరు మీద వస్తుంది. ఇండియా బ్యాంకులో అమెరికా చెక్కు వేస్తే, తీసుకునే బ్రాంచి దొరకడమే కష్టం. దొరికినా వారాలు పడుతుంది, చార్జీలు కోస్తారు. అందుకని తిరిగి వచ్చేవాళ్ళు అమెరికాలో ఒక బ్యాంకు ఖాతా బతికించుకోవడం మంచిది. చెక్కుని అక్కడున్న తమ్ముడి అడ్రసుకి పంపించుకుంటే, ఫొటో తెప్పించుకుని ఫోనులోనే డిపాజిట్ చేద్దామని చాలామంది అనుకుంటారు, కానీ వెనక మీ సంతకం ఉండాలి. కాబట్టి క్లెయిమ్ ఫారంలో అడ్రసు రాసేముందే, నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారా అని ఆ రాష్ట్రాన్ని అడగండి. చెక్కే వస్తే దాని మీద ఎన్ని రోజుల్లో మార్చుకోవాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ రోజులు దాటిస్తే సొమ్ము మళ్ళీ రాష్ట్రం ఖజానాకే పోతుంది, మీ పేరు మళ్ళీ ఆ జాబితాలోకే ఎక్కుతుంది. ఈసారైనా స్పెల్లింగు సరిగ్గా ఉంటుందేమో చూడాలి.